మతాలు కాలేజీ బెంచీ మీద చదివేవేనా?

వేళచ్చేరి అమ్మ:
మా అమ్మాయి ప్లస్ టూ అయిపోయింది. బీఏ ఫిలాసఫీలో చేరి, ఆ తర్వాత ఎంఏలో ప్రపంచ మతాలు చదువుతానంటోంది. నేను సరే అన్నాను. మా ఆయన మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. మామగారేమో "దేవుడి గురించి తెలుసుకోవాలంటే ఇంట్లో నేను లేనా?" అంటున్నారు. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాం. నేను అడిగేది ఒక్కటే. మతాన్ని మార్కుల కోసం చదవొచ్చా? చెన్నైలో ఉన్న మనవాళ్లలో ఎవరైనా ఈ దారిన వెళ్లి ఉంటే చెప్పండి.

కోడింగ్ కాకి:
అక్కా, ఉద్యోగం తర్వాత అంటే ఎలా? అసలు అదే ముందు. మూడేళ్లు, ఆపైన రెండేళ్లు చదివి బయటికొచ్చి ఏం చేస్తుంది, పురాణం చెబుతుందా? పైగా గవర్నమెంటు డబ్బుతో మతం నేర్పకూడదని రాజ్యాంగంలోనే ఉంది కదా.

హైకోర్టు మెట్లు:
ఉంది, 28వ అధికరణ. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధన కూడదంటుంది. మతబోధన వేరు, మతం గురించి చదవడం వేరు. గురునానక్ జీవితం, బోధనల మీద అధ్యయనం మతబోధన కాదని 1971లో డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ అదే తేడా చూపించింది. ఇక ఉద్యోగమంటారా, కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కంపారిటివ్ స్టడీ ఆఫ్ రిలీజియన్స్ (మతాల తులనాత్మక అధ్యయనం) అని విడిగా ఒక సబ్జెక్టే ఉంది. సివిల్స్ ఫిలాసఫీ ఆప్షనల్ రెండో పేపర్లో ఒక భాగం మొత్తం ఇదే: దేవుడున్నాడనే వాదాలు, లోకంలో చెడు ఎందుకుందనే ప్రశ్న, మరణానంతరం ఏమిటి. పోస్టులు తక్కువన్న మాట మాత్రం నిజం, దాచను.

ట్రిప్లికేన్ మాష్టారు:
అమ్మా, మీ మామగారి మాటను కొట్టిపారేయకండి. మా పార్థసారథి కోవెల వీధుల్లో "కాలక్షేపం" అంటే పొద్దుపుచ్చడం కాదు. ఆచార్యుడి ఎదుట కూర్చుని గ్రంథం వినడం. నేను రిటైరయ్యాక శ్రీభాష్యం, అంటే బ్రహ్మసూత్రాలకు రామానుజులవారి వ్యాఖ్య, అలా వినడం మొదలుపెట్టాను. మొదటి సూత్రం దగ్గరే ఏడాది దాటింది. మీ కాలేజీలో బౌద్ధానికి రెండు వారాలు, ఇస్లాంకి రెండు వారాలు, మధ్యలో ఇంటర్నల్ పరీక్ష. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. మతానికి ఆ లెక్క పనికిరాదు. ఇంకో అనుమానం కూడా ఉంది. పాఠం చెప్పే మనిషికి దేని మీదా నమ్మకం లేకపోతే? స్వరం పట్టని వాడు సంగీతం చెప్పినట్టుంటుంది.

తాంబరం లోకల్:
మాష్టారూ, రాధాకృష్ణన్ గారి సంగతి చూడండి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో మిషనరీ ప్రొఫెసర్లు హిందూమతం మీద చేసిన విమర్శ గుచ్చుకునే కదా ఆయన వేదాంతం పట్టుకున్నది! 1908లో ఎంఏకి వేదాంతంలోని నీతి మీదే థీసిస్ రాశారు. తర్వాత 1948లో ఆయన అధ్యక్షతన వేసిన యూనివర్సిటీ కమిషన్, డిగ్రీ మొదటి ఏడాది మతాచార్యుల జీవితాలు, రెండో ఏడాది వివిధ మత గ్రంథాల నుంచి భాగాలు, మూడో ఏడాది మత తత్వశాస్త్రం నేర్పమంది. నేను చదివిన కాలేజీలో దాని వాసన కూడా లేదు, అది వేరే సంగతి.

పాస్టర్‌గారబ్బాయి:
నేను రెండు బెంచీల మీదా కూర్చున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. మాది గుంటూరు దగ్గర, నాన్న పాస్టరు. ముందు థియాలజీ కాలేజీ, తర్వాత యూనివర్సిటీ. ఈ రెండూ ఒకటి కాదండీ. థియాలజీ విశ్వాసం లోపల నిలబడి అడిగే చదువు, సంఘ సేవకు పంపేది. ఇంకోటి అన్ని మతాలనూ ఒకే దూరం నుంచి చూస్తుంది. మద్రాసు యూనివర్సిటీలో శైవ సిద్ధాంతం, వైష్ణవం, జైనాలజీ, క్రిస్టియన్ స్టడీస్ అని విడివిడి విభాగాలున్నాయి. అమ్మాయి చేరే ముందు ఏ రకమో కనుక్కోండి.

యూనివర్సిటీలో మొదటి పరీక్షకి బాప్తిస్మం మీద నాలుగు పేజీలు రాశాను. సార్ కింద ఎర్ర ఇంకుతో "ఇది సాక్ష్యం. జవాబు ఏది?" అని రాసి పదికి రెండు వేశారు. సాక్ష్యమంటే చర్చిలో విశ్వాసి తన అనుభవం చెప్పుకోవడం. అంతకు ముందు థియాలజీ కాలేజీలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు, నాలుగో శతాబ్దపు గ్రీకు ప్రతులు సైనాయిటికస్, వాటికానస్ రెండింటిలోనూ లేవని క్లాసులో చెప్పారు. పాములను ఎత్తి పట్టుకునే మాట వచ్చేది అక్కడే. నాన్న దాని మీద ఎన్ని ప్రసంగాలు చేశారో! ఆ రాత్రి హాస్టల్ మేడ మీద నుంచి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకూ ఆ క్లాసులోనే తెలిసింది రా" అన్నారు.

ముప్పై ఏళ్లుగా సంఘంలో ఒక్కరికీ చెప్పలేదు. నాకు మండింది దానికే. నమ్మకం పోలేదు, ఆదివారం ఇప్పటికీ వెళ్తాను. కానీ గురువు దగ్గరే నేర్చుకోవాలంటున్నారు కదా మాష్టారూ, గురువుకి తెలిసీ చెప్పని వాటి మాటేమిటి? యూనివర్సిటీలో పక్కన సాయబుల అబ్బాయి, ముందు బెంచీలో శైవుల అమ్మాయి. వాళ్ల ముందు నేను నా గ్రంథం విప్పాలి, నా ముందు వాళ్లు వాళ్లది. అక్కడ దాచుకుంటే పరువు పోతుంది. మీ రామానుజులవారు కూడా ఆ మొదటి సూత్రం దగ్గరే అద్వైతుల వాదమంతా మహాపూర్వపక్షంగా, అంటే తాను ఖండించబోయే ఎదుటి వాదంగా, పరిచాకే కదా జవాబు మొదలుపెట్టింది?

ట్రిప్లికేన్ మాష్టారు:
పరిచారు బాబూ, కాదనను. కానీ పూర్వపక్షం తర్వాత సిద్ధాంతం, అంటే చివరికి తేల్చే మాట, ఉంటుంది. మీ కాలేజీలో అన్నీ పూర్వపక్షాలే, సిద్ధాంతం ఎవరిదో చెప్పకుండానే గంట కొట్టేస్తారు. మీ నాన్నగారు చెప్పకపోవడం మాత్రం నాకూ నచ్చలేదు. మా వాళ్లలోనూ అలాంటివి ఉన్నాయి.

కోడింగ్ కాకి:
జీతం ఎంతో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఊరికే గుర్తు చేస్తున్నా.

వేళచ్చేరి అమ్మ:
నిన్న ఆదివారం మామగారినీ, అమ్మాయినీ తీసుకుని ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లాం. అమరావతి శిల్పాలున్న గదిలో ఒక పలక మీద ఖాళీ సింహాసనం, దాని కింద రెండు పాదాలు. మామగారు చూడగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టారు, విష్ణు పాదాలనుకున్నారు. అమ్మాయి ఏమీ అనలేదు. తిరిగి వస్తుంటే రైల్లో ఆయనే అడిగారు, "ఆ సింహాసనం మీద ఎవరూ లేరేమే?" అని. అది బుద్ధుడి పీఠమనీ, ఆ తొలి రోజుల్లో ఆయన్ని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదనీ చెప్పింది. గిండీ దాటేదాకా ఆయన నోరు మెదపలేదు. తర్వాత "మరి నేను పెట్టిన దణ్ణం ఎవరికి పోయినట్టు?" అన్నారు. "అదే చదవాలనుకుంటున్నా తాతయ్యా" అంది.

ఫారం మీద మా ఆయన సంతకం ఇంకా కాలేదు. ఆఖరి తేదీ శుక్రవారం.