జీడిపండు, పనస తొన, ఎండుద్రాక్ష: కుక్కకు ఏవి పెట్టవచ్చు?

ప్రశ్న (కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా)

మాది ఉద్దానం. ఇంటి వెనుక కొబ్బరి, జీడి, పనస చెట్లున్న తోట ఉంది. సుమారు 18 కిలోల బరువున్న నాటు కుక్క ఒకటి మా దగ్గర పెరుగుతోంది. చెట్టు కింద ఏ పండు రాలినా, మేము అదిలించేలోగానే అది నోట కరుచుకుని పోతుంది. మా అత్తగారు పనసకాయ కోసినప్పుడల్లా కత్తిపీట పక్కనే కూర్చుని ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉంటుంది కనుక, ఆవిడ జాలిపడి తొనలు వేస్తూనే ఉంటారు. పండ్లు తింటే కుక్కకు గజ్జి పడుతుందని ఊళ్లో కొందరంటున్నారు. ఇందులో నిజమెంత? జీడిపండు, పనస, మామిడి పెట్టవచ్చా? అసలు ముట్టనివ్వకూడని పండ్లు ఏవి?

జవాబు 1 (పలాస)

గజ్జి కంటికి కనిపించని పురుగుల వల్ల వస్తుంది, పండ్ల వల్ల రాదు. ఆ భయం వదిలేయండి.

జీడిపండు విషయంలో మాత్రం జాగ్రత్త పడవలసిందే. పండు గుజ్జు వగరే తప్ప విషం కాదు గాని, రాలిన పండుకు పిక్క అంటుకునే ఉంటుంది, ఆ పిక్క పెంకులో ఉండే జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. మా పలాసలో పిక్కలు ఒలిచేవాళ్లు చేతులకు నూనె రాసుకునేది అందుకే. కుక్క పచ్చి పిక్కను కొరికితే పెదవులు, నాలుక, గొంతు ఎలా అవుతాయో ఊహించుకోవచ్చు. పైగా నేలరాలిన జీడిపండు ఎండకు త్వరగా పులుస్తుంది. పులిసిన పండులో సారా పుడుతుంది, అది కుక్క ఒంటికి బొత్తిగా పడదు. కాబట్టి సీజనులో పొద్దున్నే చెట్ల కింద ఏరేయడం, కుదరకపోతే ఆ వేళకు కుక్కను కట్టేయడం మంచిది.

పనస తొన పిక్క తీసి, ఒకటో రెండో ముక్కలు పెట్టవచ్చు. అంతకు మించితే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. పచ్చి పిక్కలు, జిగురంటిన తొక్క పెట్టకండి. మామిడి గుజ్జుతో ఇబ్బంది లేదు, టెంకతోనే ప్రమాదం: చీకిన టెంక జారి గొంతులోనో పేగులోనో అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్లవలసి వస్తుంది.

జవాబు 2 (విజయనగరం, పశువైద్యంలో ఉన్నవారు)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే మన ఇళ్లలో అసలు ప్రమాదం తోటలో కన్నా వంటగదిలోనే ఎక్కువ. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కిలో బరువుకు 2.8 గ్రాముల ఎండుద్రాక్షతోనే అలా జరిగిన ఉదంతాలు నమోదయ్యాయి. ఆ లెక్కన మీ కుక్కకు 50 గ్రాములు, అంటే ఓ గుప్పెడు, చాలు. కొన్ని కుక్కలు ఇంతకన్నా ఎక్కువ తిన్నా తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. ఏది ఎలాంటిదో ముందుగా తెలిసే మార్గం లేదు కనుక ఒక్కటి కూడా పెట్టకపోవడమే క్షేమం.

ఇలా ఎందుకు జరుగుతుందో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. పిల్లలు ఆడుకోవడానికి క్రీమ్ ఆఫ్ టార్టార్ (కేకుల తయారీలో వాడే పుల్లని పొడి) కలిపి ఇంట్లో చేసిన పిండిముద్దను తిన్న కుక్కకు సరిగ్గా ద్రాక్ష తిన్న లక్షణాలే కనిపించడంతో, అమెరికాలో జంతువుల విషప్రభావాలను చూసే వైద్యులు 2021లో ఆ పొడిలోనూ ద్రాక్షలోనూ ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని ప్రతిపాదించారు. ఆ ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకూ మూత్రపిండాలు పాడైన ఉదంతాలు ఆ తర్వాత వెలువడ్డాయి. అందుచేత చింతపండు డబ్బా, ఎండబెట్టిన చింతకాయలు కుక్కకు అందకుండా పెట్టండి. పులుసు కలిపిన అన్నం పెట్టే అలవాటు ఉంటే మానేయండి, అందులోని ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్క రక్తానికి చేటే.

ఇక అరటి, జామ, గింజలు తీసిన బొప్పాయి, తొక్కా గింజలూ తీసిన పుచ్చకాయ నిశ్చింతగా పెట్టవచ్చు. సపోటా గింజకు కొక్కెం ఉంటుంది, తీసి పెట్టండి. సీతాఫలం గింజలు విషం. గుజ్జులోంచి వాటిని ఒక్కొక్కటే ఏరే ఓపిక ఎవరికుంటుంది, అసలు పెట్టకపోతేనే నయం. ఏ పండైనా, ఇతర చిరుతిండితో కలిపి, రోజు తిండిలో 10 శాతం మించకూడదు. మధుమేహం ఉన్న కుక్కకైతే వైద్యుని అడిగే పెట్టాలి.

ప్రశ్న వేసినవారు

చాలా కృతజ్ఞతలు. మరొక్క సందేహం. గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుంది, పిల్లలు కుక్కకూ ప్రసాదం పెడుతుంటారు. ఎప్పుడైనా అలా తినేస్తే ఏం చేయాలి?

జవాబు 2 (విజయనగరం)

వాంతి అయ్యేదాకా ఆగవద్దు. తిన్న రెండు గంటల లోపు వైద్యుని దగ్గరకు చేరితే, లోపలిది కక్కించే మందు ఇచ్చి చాలావరకు బయటకు తీయగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని మాత్రం చూడకండి, ఒంట్లో ఉప్పు పెరిగితే అది మరో విషమవుతుంది. సాధారణంగా ఒక రోజు లోపు వాంతులు మొదలవుతాయి, తరువాత తిండి మానేసి నీరసంగా పడుకుంటుంది, మూత్రం తగ్గిపోయేది ఒకటి నుంచి మూడు రోజుల్లో. పైకి బాగానే ఉన్నా రక్తపరీక్ష చేయించాలి. మీ దగ్గరలో పశువైద్యశాల లేకపోతే ఏ ఊరు వెళ్లాలో, రాత్రివేళ ఎవరు పలుకుతారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఎంత తిన్నదీ, ఏ వేళకు తిన్నదీ, కుక్క బరువెంతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. వైద్యులు మొట్టమొదట అడిగేవి ఈ మూడే.