గల్ఫ్ వలసల మీద పీహెచ్‌డీ: రిపోర్టర్‌గా ఉన్నప్పటి ఇంటర్వ్యూలు వాడొచ్చా?

కోఠి_పుస్తకాలపురుగు:
కొన్నేళ్లు పేపర్‌లో రిపోర్టర్‌గా చేసి ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. 2020లో ఖతార్‌లో ఎన్‌ఓసీ, అంటే పాత యజమాని ఇచ్చే అనుమతి పత్రం, లేకుండానే కంపెనీ మారొచ్చన్నరు, 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాల్స్ అన్నరు, మరి జగిత్యాల, సిరిసిల్ల నుంచి పోయినోళ్లకు అందులో ఎంత అందింది అనేదే టాపిక్. పాత నోట్‌బుక్కుల్లో బోలెడు ఇంటర్వ్యూలున్నయి, శంషాబాద్‌లో అన్న శవపేటిక కోసం రాత్రంతా కూర్చున్న తమ్ముడు చెప్పింది కూడా. గైడ్ సారేమో అది డేటా కాదు పక్కన పెట్టు అంటున్నరు. నిజంగా పనికిరావా?

తార్నాక_స్కాలర్:
వాళ్లు ఒప్పుకుంది పేపర్‌కి, థీసిస్‌కి కాదు గదా, రీసెర్చ్‌లో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫస్ట్ అదే అడుగుతది. ఇంకోటి, పేపర్లో పేరు, ఫోటోతో వచ్చిన మనిషిని నువ్వు ఇక్కడ పేరు తీసేసి రాసినా గూగుల్ చేస్తే ఒక్క నిమిషంలో దొరుకుతడు. అసలు సమస్య ఇంకా ఉంది, రిపోర్టర్ దగ్గరికొచ్చేది కష్టమొచ్చినోళ్లే, నాలుగు పైసలు సంపాదించి ఇల్లు కట్టుకున్నోడు ప్రెస్ క్లబ్‌కి ఎందుకొస్తడు? వాడు కూడా నీ శాంపిల్‌లో ఉండాలె. పాతవి దారి చూపడానికి పెట్టుకో, మళ్లీ పోయి అడుగు.

డెస్క్‌లో_నైట్‌షిఫ్ట్:
స్కాలర్ గారూ, ఖల్లివెల్లి అయ్యి, అంటే కంపెనీ వదిలి పారిపోయి, దాక్కుని పనిచేసేవాడి ముందు కన్సెంట్ ఫారం పెట్టి సంతకం చెయ్యమంటే ఫోన్ స్విచాఫ్ చేస్తాడండీ 😄 నోటిమాటగా ఒప్పుకున్నది రికార్డ్ చేసుకోడానికి కమిటీ దగ్గర ముందే పర్మిషన్ తీసుకోండి. సర్కారు లెక్కలు కూడా జాగ్రత్త, ఈ-మైగ్రేట్ అనే సర్కారు వలసల పోర్టల్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశాల్లో పనికి వెళ్లడానికి సర్కారు అనుమతి) తీసుకున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు, పదో తరగతి పాసైనవాడికి ఆ క్లియరెన్సే అక్కర్లేదు, విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడు అసలే కనిపించడు. ఆ ఖాళీ పూడ్చేది ఊళ్లో తిరిగిన రిపోర్టరే. షికాగో సోషియాలజీలో అంత పేరున్న రాబర్ట్ పార్క్ కూడా మొదట పేపర్ రిపోర్టరే, మీ సార్‌కి మెల్లగా చెప్పండి.

తార్నాక_స్కాలర్:
నోటి కన్సెంట్ కరెక్టే, ఒప్పుకుంటున్నా.

కోఠి_పుస్తకాలపురుగు:
థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ అండీ. మరి ఆ నోటి కన్సెంట్ కోసం వాళ్లకు చదివి వినిపించే మాటలు తెలుగులో ఉంటే చాలా, కమిటీకి ఇంగ్లిష్ కూడా ఇవ్వాల్నా?

తార్నాక_స్కాలర్:
మా దగ్గర రెండూ అడిగిన్రు. ముందు తెలుగులో రాయి, ఊళ్లో ఒకరికి చదివి వినిపించు, అర్థమైందంటే అప్పుడు ఇంగ్లిష్ చెయ్.