మ్యాజిక్ చేసేవాళ్లు వినదగ్గ పాడ్‌కాస్ట్‌లు ఏవి?

తెనాలి ప్యాసింజర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను రోజూ తెనాలి నుంచి విజయవాడకి రైల్లో ఉద్యోగానికి వెళ్లొస్తాను, శని ఆదివారాల్లో మ్యాజిక్ షోలు చేస్తాను. ఎక్కువగా పుట్టినరోజులు, స్కూల్ యానివర్సరీలు, వినాయక చవితి పందిళ్లలో ఒకటో రెండో. ఆరేళ్లయింది మొదలుపెట్టి. నాకు నేర్పిన గురువుగారు వయసు పైబడి షోలు మానేశారు, ఈ విషయాలు కూర్చుని మాట్లాడుకోవడానికి మా ఊళ్లో ఇంకెవరూ లేరు. యూట్యూబ్ తెరిస్తే సగం వీడియోలు సీక్రెట్ బయటపెట్టేవే, అవి చూడటం నాకు ఇష్టం ఉండదు.

రైల్లో పోనూ రానూ గంటన్నర దొరుకుతుంది. చాలాసార్లు నిలబడే వెళ్లాలి కాబట్టి చదవడం కుదరదు, వినడమే. వింటే ట్రిక్కులు రావని తెలుసు. నాకు కావాల్సింది అది కాదు. దీని మీదే బతికేవాళ్లు ఎలా ఆలోచిస్తారు, రేటు ఎలా మాట్లాడతారు, షో మధ్యలో ఏదైనా తేడా కొడితే ఏం చేస్తారు, ఒక కొత్త ఐటమ్ జనం ముందుకు తేవడానికి ఎన్నాళ్లు తీసుకుంటారు, ఇలాంటివి. ఇంకొకటి, మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి స్టేజీ అక్కర్లేదు, చేతిలో పేక కట్ట ఉంటే చాలు. వాడికి పనికొచ్చేవి కూడా చెప్పండి. తెలుగులో వెతికాను, నాకు దొరకలేదు. ఇంగ్లిష్ ఫర్వాలేదు గానీ మరీ స్పీడుగా మాట్లాడితే సగం పోతుంది.

హైదరాబాద్ స్టేజ్

తమ్ముడూ, నేను 14 ఏళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. ముందు ‘ది మెజీషియన్స్ పాడ్‌కాస్ట్’ విను. నడిపేది రిచర్డ్ యంగ్, ఇంగ్లండ్ ఆయన. యంగ్ అండ్ స్ట్రేంజ్ అనే జంటలో ఒకరు, పెద్ద ఇల్యూజన్లు, అంటే మనుషుల్ని పెట్టెల్లో పెట్టి మాయం చేయడం లాంటివి, చేసే స్టేజీ మనిషి. అందుకే ఆయన ప్రశ్నలు విలేకరి ప్రశ్నల్లా ఉండవు, పెట్టెలు లారీలోంచి దింపిన మనిషి ఇంకో అలాంటి మనిషిని అడిగినట్టు ఉంటాయి. పొడవైన సంభాషణలు, ఒక ఎపిసోడ్ నీకు రెండు మూడు రోజులు వస్తుంది.

రెండోది ‘డిస్కోర్స్ ఇన్ మ్యాజిక్’. కెనడాలో టొరంటోకి చెందిన జోనా బేబిన్స్ నడుపుతాడు. రకరకాల మెజీషియన్లని కూర్చోబెట్టి ఎలా పని చేస్తారో అడుగుతాడు. ఎపిసోడ్లు చాలా ఉన్నాయి, మొదటి నుంచి వరసగా వినకు. పిల్లల షోలు చేసే అతిథులు ఎవరో చూసుకుని అక్కడ మొదలుపెట్టు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. వాళ్లు చెప్పే రేట్లు, క్రూయిజ్ షిప్పులు, కంపెనీ డిన్నర్లు మనకి సరిపోవు. వాళ్ల లెక్కలు మనవాళ్ల దగ్గర చెప్తే ఫోన్ పెట్టేస్తారు. కానీ వాళ్లు క్లయింటుని అడిగే ప్రశ్నలు మాత్రం అచ్చంగా మనకి పనికొస్తాయి. నా సంగతే చెప్తాను. ఒక ఫంక్షన్ హాల్లో పుట్టినరోజు షో, నేను తాడు ఐటమ్ మధ్యలో ఉన్నాను, వెనక కేటరింగ్ వాళ్లు మూతలు తీశారు. బిర్యానీ వాసన రాగానే పెద్దవాళ్లు లేచారు, వాళ్లతో పాటే పిల్లలు లేచారు, చివరి పది నిమిషాలు ఖాళీ కుర్చీలకి చేశాను. ఇలాంటిది ఒకసారి కాదు, నాలుగైదు సార్లు జరిగింది, ప్రతిసారీ పిలిచినవాళ్లకి కళంటే విలువ లేదని బాధపడేవాణ్ణి. తర్వాత కొన్ని నెలల పాటు ఈ సంభాషణలు వింటూ ఉంటే, బాగా చేసేవాళ్లందరూ షోకి ముందు చేసే ఫోన్ కాల్ గురించి ఎంత శ్రద్ధగా మాట్లాడుతున్నారో గమనించాను. నేను అడ్వాన్స్ ఎంత, టైం ఎంత అని తప్ప ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు రెండు రోజుల ముందు ఫోన్ చేసి అడుగుతాను: కేకు ఎప్పుడు కోస్తారు, భోజనాలు ఎప్పుడు, పిల్లలు కింద కూర్చుంటారా కుర్చీల్లోనా, నా వెనక గోడ ఉందా మనుషులు తిరుగుతారా. మాట్లాడుకున్నది వాట్సాప్‌లో కూడా పెట్టేస్తాను. మూతలు తీసే గొడవ దాదాపు పోయింది.

డాలస్ పేకముక్క

మీ పిన్ని కొడుకు కోసం నేను రాస్తున్నాను, ఎందుకంటే నాదీ అదే కేసు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, షోలు లేవు, పేక మాత్రం చేతిలోంచి దిగదు.

‘డెజర్ట్ ఐలాండ్ ట్రిక్స్’ వినమనండి. బ్రిటన్‌లోని అలకజామ్ అనే మ్యాజిక్ షాపు వాళ్లది, జేమీ డాస్ మాట్లాడతాడు. 1942 నుంచి బీబీసీ రేడియోలో ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ అని ఒక కార్యక్రమం ఉంది, ఒంటరి దీవికి వెళ్తే ఏ 8 పాటలు తీసుకెళ్తారని అతిథిని అడుగుతారు. ఇది అదే పద్ధతిలో, పాటల బదులు 8 ట్రిక్కులు. వాటితో పాటు ఒక పుస్తకం, మ్యాజిక్‌తో సంబంధం లేని ఒక వస్తువు, ఇంకా ఈ లోకంలోనే ఉండకూడదని బహిష్కరించే విషయం ఒకటి. నాకు ఆ బహిష్కరణ భాగమే ఎక్కువ ఇష్టం, మనిషి నిజంగా దేన్ని ప్రేమిస్తాడో అక్కడ తెలుస్తుంది.

వినే ముందు ఆ అబ్బాయి తన 8 కాగితం మీద రాసుకోవాలి. నేను రాసుకుంటే ఎనిమిదింటిలో ఐదు ఒకటే కథ: ముక్క తీయి, చూడు, లోపల పెట్టు, ఇదిగో నీ ముక్క. మెథడ్లు, అంటే లోపల చేసే కిటుకులు, వేరు, అందుకే నాకు అవి వేరు వేరుగా కనిపించాయి. చూసేవాళ్లకి మాత్రం ఒకే ట్రిక్ ఐదుసార్లు. ఆ రోజు నుంచి ఐదింటిలో రెండే ఉంచుకున్నాను. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, షాపు వాళ్ల కార్యక్రమం కాబట్టి పేర్లు వింటుంటే కొనాలనిపిస్తుంది. విన్న నెల రోజుల దాకా ఏదీ కొనకూడదని నేను నియమం పెట్టుకున్నాను, నెల తర్వాత చాలావాటి పేర్లు కూడా గుర్తుండవు.

ఇంకొకటి ‘ది మ్యాజిక్ వర్డ్’. హ్యూస్టన్‌లో ఉండే స్కాట్ వెల్స్ చాలా ఏళ్లుగా చేస్తున్నాడు, మెజీషియన్లు కలుసుకునే కన్వెన్షన్లకి వెళ్లి అక్కడి మనుషులతోనే మాట్లాడి పెడతాడు. మూడేళ్లకోసారి జరిగే ప్రపంచ పోటీలు ఫిజమ్, 2022లో క్యూబెక్‌లో, 2025లో టురిన్‌లో జరిగాయి. వీసా, టికెట్లు, సెలవులు పెట్టుకుని అలాంటి చోట్లకి వెళ్లడం మనలో ఎంతమందికి కుదురుతుంది? కన్వెన్షన్ హాలు బయట నిలబడి జనం మాట్లాడుకునే మాటలు వినాలంటే ఈ పాడ్‌కాస్టే దారి.

సాగరతీరం

విశాఖ నుంచి. నేను స్కూళ్లలో షోలు చేస్తాను. ‘షెజామ్’ పేరు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. కేలా డ్రెషర్, కరిస్సా హెండ్రిక్స్ చేశారు, మ్యాజిక్‌లో ఆడవాళ్ల పరిస్థితి గురించి. మగవాళ్లు కూడా వినాలి, ముఖ్యంగా స్టేజీ మీదకి పిలిచిన అమ్మాయితో ఎలా మాట్లాడుతున్నామో ఒకసారి ఆలోచించుకోవడానికి.

నేను హాల్లోకి వెళ్లగానే ‘మెజీషియన్ గారు ఎక్కడమ్మా, వెనక వస్తున్నారా’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బట్టల సంగతి ఇంకోటి. పుస్తకాల్లో ఎక్కువ భాగం కోటు జేబులున్న మనిషి కోసమే రాశారు, చీరకీ చుడీదార్‌కీ ఆ జేబులెక్కడివి? మూడేళ్లు నేను నా చేతుల్లోనే లోపముందని అనుకున్నాను. ఇది నా ఒక్కదాని బాధ కాదని అక్కడ విన్నాక టైలర్ దగ్గర కూర్చుని నా లెక్కలో జేబులు కుట్టించుకున్నాను, ఐటమ్‌లు కూడా వాటికి తగ్గట్టు మార్చుకున్నాను.

గోదావరి గట్టు

స్పీడు గురించి: ప్లేయర్‌లో వేగం 0.8కి తగ్గించండి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో అయితే 2024 నుంచి ఇంగ్లిష్ ఎపిసోడ్ల మాటలు తెర మీద చదువుకోవచ్చు కూడా.

అసలు నేను చెప్పదలుచుకుంది వేరే. ‘దిస్ అమెరికన్ లైఫ్’ మ్యాజిక్ పాడ్‌కాస్ట్ కాదు, మామూలు రేడియో కార్యక్రమం, కానీ 2017లో వచ్చిన 619వ ఎపిసోడ్ మొత్తం మ్యాజిక్ గురించే. దాన్ని నడిపే ఐరా గ్లాస్ కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు పుట్టినరోజు షోలు చేసినవాడే. అందులో టెల్లర్ ఎర్ర బంతి కథ ఉంటుంది. పెన్ అండ్ టెల్లర్ అనే అమెరికా మ్యాజిక్ జంటలో స్టేజీ మీద మాట్లాడని ఆయన. ఎర్ర బంతి కుక్కపిల్లలా ఆయన వెనకే తిరుగుతుంది, రింగులోంచి దూకుతుంది. మూలం ఒమాహాలో ఉండిన డేవిడ్ అబాట్ పాత ఐటమ్. టెల్లర్ దాని మీద చాలాకాలం కష్టపడ్డాడు, చేతులు కుదిరాయి, చూడటానికి అందంగా ఉంది, కానీ పెన్‌కి నచ్చలేదు. చివరికి దాన్ని నిలబెట్టింది పెన్ ముందుగా చెప్పే ఒక్క మాట: ఈ ట్రిక్ ఒక దారంతో చేస్తున్నాం. చెప్పేశాక జనం దారం కోసం వెతుకుతారు, దారంతో ఇదంతా ఎలా కుదురుతుందో అర్థం కాక ఇంకా ఆశ్చర్యపోతారు. నేను ఆ భాగం మూడుసార్లు విన్నాను. మన సంతల్లో గారడీవాళ్లని చూసినవాళ్లకి ఇది తెలుసు, డమరుకం ఆగదు, మాట ఆగదు, బుట్ట తెరిచే ముందే జనం ఊపిరి వాళ్ల చేతిలో ఉంటుంది.

అది విన్నాక నా షోని ఫోన్‌లో రికార్డ్ చేసి, బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే విన్నాను. 35 నిమిషాల్లో ‘ఇప్పుడు చూడండి’ అని 31 సార్లు అన్నాను. రుమాలు మార్చే చోట 20 సెకన్లు అసలు మాటే లేదు. అద్దం ముందు ఎన్నేళ్లు సాధన చేసినా ఇవి నాకు కనిపించలేదు. తెలుగులో ఏమీ లేవన్నారు గానీ, బి.వి. పట్టాభిరామ్ గారి ప్రసంగాలు నెట్‌లో ఉన్నాయి, ఆయన మొదట మెజీషియన్, హిప్నాటిస్ట్. 2025లో పోయారు. విషయం వ్యక్తిత్వ వికాసమే అయినా ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గొంతు దించుతున్నారో వినండి. అది స్టేజీ మీద నేర్చుకున్న విద్యే.

తెనాలి ప్యాసింజర్

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలయింది, విన్నాకే రాద్దామని ఆగాను. మొన్న ఆదివారం షోకి ముందు హైదరాబాద్ అన్న చెప్పినట్టే ఫోన్ చేసి అడిగితే, కేకు కోయడం సరిగ్గా నా షో మధ్యలో పెట్టుకున్నారని తెలిసింది. అరగంట ముందుకు జరిపారు. రికార్డింగ్ కూడా చేశాను. నాది ‘ఓకేనా పిల్లలూ’, లెక్క పెట్టడం మధ్యలో ఆపేశాను, ముందు ఆ మాట తగ్గించుకోవాలి.

సాగరతీరం మేడం, మా పిల్లల షోలో నాకు సాయం చేసే మా చెల్లెలు సొంతంగా చేస్తానంటోంది, జేబుల సంగతి ఇక్కడ వద్దు, వీలైతే విడిగా మెసేజ్ పెట్టండి.

మా పిన్ని కొడుకు తన ఎనిమిదీ రాసి తెచ్చాడు. బహిష్కరించేది మాత్రం 21 ముక్కల్ని మూడు వరసల్లో పేర్చి చేసే ట్రిక్కట, అందరికీ తెలుసు, నత్తనడక, విసుగు అంటాడు. గురువుగారు నాకు నేర్పిన మొదటి ఐటమ్ అదే, వాళ్ల ఇంటి అరుగు మీద. విజయవాడ దాకా వాదించుకున్నాం. నేను దాన్ని నా ఎనిమిదిలో పెట్టుకున్నాను.