హన్మకొండ నుంచి ఫస్ట్ క్లాస్‌ల అమెరికాకు: శంషాబాద్‌ల చెక్-ఇన్, లౌంజ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

నయీంనగర్_వాసి

అందరికి నమస్తే. మా అమ్మానాయినలు వచ్చే నెల డల్లాస్‌ల మా అక్క దగ్గరికి పోతున్నరు. బావ ఇద్దరికీ ఎమిరేట్స్‌ల ఫస్ట్ క్లాస్ టికెట్లు తీసిండు. శంషాబాద్ నుంచి దుబాయ్, అక్కడ నాలుగు గంటలు ఆగి డల్లాస్. మొదటి ఫ్లైట్ తెల్లారకముందే ఉన్నది.

ఇద్దరికీ అరవై ఐదు దాటినయ్. నాయినకు షుగర్, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంగ్లిష్ రాదు, హిందీ కొంచెం వస్తది. హన్మకొండల ఎన్ని గంటలకు బయల్దేరాలె? ఫస్ట్ క్లాస్ వాళ్లకు లౌంజ్ (ఫ్లైట్ దాక కూసోని తిని ఆరామ్ చేసే గది) ఉంటదంటున్నరు, అది ఎక్కడ, ఏం చూపెట్టి లోపలికి పోవాలె? నాయిన దగ్గర లౌంజ్ సౌకర్యం ఉన్న క్రెడిట్ కార్డ్ ఉన్నది, అది ఇస్తే అయితదా? వీల్‌చైర్ పెట్టిస్తే లౌంజ్‌కు పోనిస్తరా, సక్కగ గేటుకే తీస్కపోతరా? సామాన్ల గురించి గూడ చెప్పండి.

కాజీపేట_టికెటింగ్

తమ్మీ, ముందుగాల ఒక్కటి గుర్తుపెట్టుకో. లౌంజ్ ఉండేది ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటినంక లోపల. బోర్డింగ్ పాస్ లేకుంట అక్కడిదాక పోలేరు. కౌంటర్ తెరిచేది సాధారణంగ ఫ్లైట్‌కు మూడు గంటల ముందు. మన దిక్కు నుంచి పోయేటోళ్లు భయానికి ఆరేడు గంటల ముందే పోయి డిపార్చర్ హాల్‌ల ఇనుప కుర్చీల మీద కూసుంటరు. ఫస్ట్ క్లాస్ టికెట్ ఉన్నా ఆ టైమ్‌ల ఎవ్వరూ ఏం చెయ్యలేరు.

ఉదాహరణకు ఫ్లైట్ తెల్లారగట్ల 4 గంటలకు అనుకో. రాత్రి 12:45 నుంచి 1 లోపల టర్మినల్ ముందు దిగాలె. హన్మకొండ నుంచి జనగామ మీదుగ 163 నంబర్ జాతీయ రహదారి, ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్. కారుల మూడు నుంచి మూడున్నర గంటలు. కొమళ్ల, గూడూరు టోల్‌గేట్లు ఉన్నయ్, ఫాస్టాగ్‌ల పైసలు చూసుకోండి. ఉప్పల్ దాక పోయి సిటీలకెళ్లి తిరగొద్దు, ఘట్‌కేసర్ దగ్గర్నే ఎక్కాలె. నడుమ ఒక టీ, టైర్ పంక్చర్ అయితే ఒక గంట, ఇవన్నీ కలిపి రాత్రి 8:30కు ఇల్లు వదిలితే సరిపోతది. మరీ ముందుగ చేరితే టర్మినల్ దగ్గర్ల నొవాటెల్ ఉన్నది, పెద్దోళ్లు నడుము వాల్చడానికి రూమ్ తీసుకోవచ్చు. రైలు వద్దు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటలే గాని, ఆ పెట్టెలతోని ఎయిర్‌పోర్ట్‌కు పోయే పుష్పక్ బస్ ఎక్కుడు మోకాళ్ల నొప్పులున్నోళ్లతోని అయ్యే పని కాదు. మన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు 2025ల కేంద్రం అనుమతి ఇచ్చింది గాని, అది నడిచేదాక మనకు ఈ తొవ్వే గతి.

ఎమిరేట్స్ ఫస్ట్, బిజినెస్ వాళ్లకు డ్రైవర్‌తో కారు పంపిస్తది. కనీసం 12 గంటల ముందు బుక్ చెయ్యాలె, దేనికదే: ఇక్కడ ఎక్కేటప్పుడు ఒకటి, డల్లాస్‌ల దిగినంక ఒకటి. కిలోమీటర్ల పరిమితి ఉంటది కాబట్టి హన్మకొండ దాక ఆశ పెట్టుకోవద్దు. డల్లాస్ వైపుది మాత్రం ఇడిసిపెట్టొద్దు, మీ అక్క అడ్రస్ పెట్టి ఇప్పుడే బుక్ చెయ్యండి.

చెక్-ఇన్ కాడ ఫస్ట్ క్లాస్‌కు వేరే కౌంటర్ ఉంటది. ఎకానమీ లైన్ ఎంత పొడుగున్నా దాంట్ల నిలబడొద్దు. పెద్దమనుషులు మొగమాటపడి వెనక నిలబడ్తరు, ముందే చెప్పి పంపు. ఎంట్రీ గేట్ కాడ సీఐఎస్‌ఎఫ్ వాళ్లు టికెట్, పాస్‌పోర్ట్ చూస్తరు. నువ్వు లోపలికి పోలేవు. అందుకే టికెట్ రెండు కాపీలు ప్రింట్ తీసి ఇద్దరి చేతుల్ల పెట్టు. మొహం చూసి లోపలికి పంపే డిజియాత్ర యాప్ దేశంలోపలి ఫ్లైట్లకే, దీనికి పనికిరాదు.

కౌంటర్‌ల అడగాల్సినయ్ మూడు. రెండు ఫ్లైట్ల బోర్డింగ్ పాస్‌లు ఇక్కడ్నే ఇయ్యమనాలె. పెట్టెల ట్యాగ్ మీద డల్లాస్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ ఉన్నదో లేదో చూసుకోవాలె, దుబాయ్ కోడ్ డీఎక్స్‌బీ వరకే ఉంటే అప్పుడే చెప్పాలె. మూడోది లౌంజ్ ఇన్విటేషన్. శంషాబాద్‌ల ఎమిరేట్స్‌కు సొంత లౌంజ్ లేదు, ఒప్పందం ఉన్న లౌంజ్‌కు పంపిస్తది. తలా ఒక కార్డో, బోర్డింగ్ పాస్ మీద గుర్తో ఇస్తరు. రద్దీల మర్చిపోతరు, అడగాలె.

క్రెడిట్ కార్డ్ అసలు బయటికి తియ్యొద్దు. రిసెప్షన్‌ల కార్డ్ ఇస్తే రెండు రూపాయలు గుంజి, మీ కార్డ్ కోటాల ఒక విజిట్ రాసుకుంటరు. కొన్ని కార్డులు దేశంలోపలి లౌంజ్‌లకే పనిచేస్తయి, ఇంటర్నేషనల్ కాడ తిరగ్గొడ్తరు. ఇంకో సంగతి, కార్డులోళ్ల లైన్ వేరే, పొడుగ్గ ఉంటది. ఇన్విటేషన్, బోర్డింగ్ పాస్ రెండూ చూపెట్టి సక్కగ పోవాలె.

నయీంనగర్_వాసి

అన్నా, శాన థ్యాంక్స్. ఇన్విటేషన్ సంగతి ఎవ్వరూ చెప్పలేదు. వీల్‌చైర్ ముచ్చట గూడ చెప్పరా?

కరీంనగర్_గ్రౌండ్‌డ్యూటీ

వీల్‌చైర్ గురించి నేను చెప్తాను. అసలు చిక్కంతా అక్కడే.

వీల్‌చైర్ రిక్వెస్ట్ కనీసం 48 గంటల ముందు పీఎన్ఆర్‌లో (బుకింగ్ రికార్డులో) ఎక్కించాలి. అందులో రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక కోడ్. మెట్లు ఎక్కగలిగి దూరం మాత్రం నడవలేని వాళ్లకు డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్. అసలే నడవలేని వాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ. మీ అమ్మగారికి మొదటిది సరిపోతుంది. నాన్నగారికి అవసరం లేకపోతే పెట్టించకండి, ఆయన పక్కన నడుస్తూ రావచ్చు. ఇద్దరికీ పెట్టిస్తే ఇద్దరు అటెండెంట్లు కావాలి, ఒకరు దొరికి ఒకరు దొరకక ఆగిపోవలసి వస్తుంది.

అటెండెంట్‌కు ఒకరి తర్వాత ఒకరు ప్యాసింజర్లు ఉంటారు. తొందరగా గేటు దగ్గర వదిలేసి ఇంకొకరి కోసం పోవాలని చూస్తాడు. అది అతని తప్పు కాదు, పని అట్లా ఉంటుంది. కాబట్టి కుర్చీలో కూర్చోగానే బోర్డింగ్ పాస్, ఇన్విటేషన్ చూపించి "పెహలే లౌంజ్, బాద్ మే గేట్" అని చెప్పమనండి. లౌంజ్ రిసెప్షన్‌లో దించాక, ఎన్ని గంటలకు వచ్చి తీసుకుపోతాడో కాగితం మీద రాయించుకోవాలి. రిసెప్షన్ వాళ్లకూ ఆ టైమ్ చెప్పాలి. ఎమిరేట్స్ బయల్దేరే టైమ్‌కు 20 నిమిషాల ముందు గేటు మూసేస్తుంది. 45 నిమిషాల ముందు గేటు దగ్గర ఉండాలంటారు. వీల్‌చైర్ వాళ్లను ముందు ఎక్కిస్తారు కాబట్టి గంట ముందు లౌంజ్ వదిలేలా రాయించండి. అటెండెంట్ పది నిమిషాలు ఆలస్యమైతే రిసెప్షన్‌లో చెప్పాలి, తనే వస్తాడని కూర్చోవద్దు. పేరు పెట్టి పిలుస్తారన్న నమ్మకం కూడా వద్దు.

శంషాబాద్‌లో ఉన్న గంటా గంటన్నరలో తిండి తక్కువ, విశ్రాంతి ఎక్కువ చూసుకోవాలి. నాన్నగారికి షుగర్ కాబట్టి ఇడ్లీ, ఉప్మా లాంటిది ఏదైనా ఉంటే కొంచెం తిని, మాత్ర ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడిగి రాసిపెట్టుకోండి. ఇన్సులిన్ ఉంటే ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. ఫ్లైట్‌లో డయాబెటిక్ భోజనం కావాలంటే 24 గంటల ముందు బుకింగ్‌లో ఎక్కించాలి.

దుబాయ్‌లో దిగేది టెర్మినల్ 3. అక్కడ ఏ, బీ, సీ అని కాంకోర్స్‌లు, అంటే గేట్లుండే భాగాలు, ఉన్నాయి. వీల్‌చైర్ వాళ్లను దింపి కూర్చోబెట్టే ప్రత్యేకమైన చోటు ఒకటి ఉంటుంది. ఏమీ చెప్పకపోతే నాలుగు గంటలూ అక్కడే కూర్చోబెడతారు. డల్లాస్ బోర్డింగ్ పాస్ చూపించి "ఫస్ట్ క్లాస్ లౌంజ్" అనాలి. ఈ మూడు మాటలు చాలు. "బిజినెస్ లౌంజ్" వేరే ఉంది, దానికి తీసుకుపోతే అక్కడే చెప్పాలి. డల్లాస్ ఫ్లైట్ ఏ కాంకోర్స్ నుంచో తెరమీద చూసుకుని, ఆ కాంకోర్స్‌లోని లౌంజ్‌కే పోవాలి. "ఏ" అక్షరం కాంకోర్స్‌కు రైలెక్కి పోవాలి, వేరే దాంట్లో కూర్చుంటే చివర్లో ఉరుకులాట అవుతుంది.

ఫస్ట్ లౌంజ్‌లో బఫే ఉన్నా, టేబుల్ దగ్గర కూర్చుంటే మెనూ తెచ్చి వేడివేడిగా వండి పెడతారు. డబ్బులు అడగరు. మనవాళ్లు బిల్లు వస్తుందేమోనని నీళ్లు తాగి ఊరుకుంటారు, అది మీరే ముందు చెప్పి పంపాలి. షవర్ రూములు ఉన్నాయి, టవల్, సబ్బు వాళ్లే ఇస్తారు. ఒక జత బట్టలు చేతి బ్యాగులో పెట్టండి. అమెరికా ఫ్లైట్లకు గేటు దగ్గర మళ్లీ పాస్‌పోర్ట్, వీసా, ఒక్కోసారి బ్యాగులు కూడా చూస్తారు. అందుకే అక్కడ కూడా గంట ముందే బయల్దేరాలి.

ఓరుగల్లు_ఏవియేషన్

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం కలపాలి. రెండు ఫ్లైట్లకూ ఏ రకం విమానమో ఈ రోజే బుకింగ్‌లో చూడండి. ఎమిరేట్స్‌లో ఎయిర్‌బస్ ఏ350, ఏ380, బోయింగ్ 777 అని రకాలున్నాయి. ఏ350లో ఫస్ట్ క్లాసే లేదు. 777లలో కూడా కొన్నింట్లో బిజినెస్, ఎకానమీ మాత్రమే ఉంటాయి. ఒక ఫ్లైట్‌కు విమానం మారితే ఆ ముక్క వరకు బిజినెస్‌కు దించుతారు. అట్లా జరిగితే రెండు పనులు చేయండి: ఛార్జీ తేడా ఎంత వాపస్ ఇస్తారో రాతపూర్వకంగా అడగండి, రెండో ఫ్లైట్ బోర్డింగ్ పాస్ ఫస్ట్ అని ఉందో లేదో చూడండి. దుబాయ్‌లో ఫస్ట్ లౌంజ్‌కు చూసేది అక్కడి నుంచి ఎక్కే ఫ్లైట్ బోర్డింగ్ పాస్.

డల్లాస్‌కు ఏ380 అయితే ఫస్ట్ క్లాస్‌లో స్నానం గది ఉంటుంది. అరగంట టైమ్ ఇస్తారు, నీళ్లు వచ్చేది ఐదు నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి కదిలే విమానంలో కంటే దుబాయ్ లౌంజ్‌లో స్నానమే క్షేమం. 777లో షవర్ ఉండదు. సీట్లు మధ్యలో జంటగా ఉంటే అవే తీసుకోండి, కిటికీ సీట్లు ఒక్కొక్కటి విడిగా ఉంటాయి. నడుమ తెర దించితే ఇద్దరూ మాట్లాడుకోవచ్చు.

పేర్ల సంగతి కూడా. మన దగ్గర పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే గడిలో రాసినవాళ్లు చాలామంది. వాళ్ల అమెరికా వీసాలో మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. టికెట్‌లో పేరు దానికి సరిపోవాలి. తేడా ఉంటే ఎయిర్‌లైన్స్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి, కౌంటర్‌లో అర్ధరాత్రి సరిచేయించడం పెద్ద గండం.

జగిత్యాల_గల్ఫ్

సామాన్లది నేను చెప్త. అమెరికా రూట్‌ల ఫస్ట్ క్లాస్‌కు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోలు. ఇద్దరికి నాలుగు. ఒక పెట్టె 28, ఇంకోటి 35 ఉంటే కుదరది, 32 దాటిన పెట్టె తీసుకోరు, అక్కడ్నే విప్పాలె. ఇంట్ల తూకం యంత్రంతోని 31 కాడ ఆపుండి. చేతి బ్యాగులు రెండు, ఒక్కోటి 7 కిలోలు. ఇండియాల ఎక్కేటోళ్లకు బ్యాగ్ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు దాటొద్దు.

గసగసాలు ఒక్క గింజ గూడ వద్దు. యూఏఈల అది నిషేధం, మత్తుమందు కింద లెక్క. దుబాయ్‌ల దిగి మారుతున్నరు కాబట్టి మసాలా పొట్లాలు గూడ చూడండి, ఇంట్ల దంచిన గరం మసాలాల గసాలు కలుస్తయి. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టొద్దు, నూనె ఉండి నిప్పు అంటుకునే సరుకు కింద పెట్టె ఆపి తీయిస్తరు. మన చపాటా మిర్చి కారం పెద్ద పెట్టెల పెట్టండి, చేతి బ్యాగుల కారం పొడి పోనియ్యరు. ఆవకాయ గూడ పెద్ద పెట్టెలనే, సీసాల కాదు, రెండు పొరల ప్లాస్టిక్ కవర్‌ల సీల్ చేయించి డబ్బాల పెట్టాలె. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్‌ల గుంజుకుంటరు. అక్కడ తిండి సామాన్లు ఉన్నయని ముందే చెప్తే తీసి పారేసుడుతోని అయిపోతది, దాచితే జరిమానా.

పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులనే ఉండాలె. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్‌ల మనిషికి ఒక్కటే, 100 వాట్-అవర్ లోపల, విమానంల వాడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. 20,000 ఎంఏహెచ్ది సుమారు 74 వాట్-అవర్, పోనిస్తరు. దాని మీద అంకె అరిగిపోయి కనబడకుంటే పక్కన పెట్టిస్తరు.

అమ్మ బంగారం ఎక్కువ ఏసుకొని పోతే, తిరిగి వచ్చినప్పుడు డ్యూటీ అడగకుంట ఇక్కడ కస్టమ్స్ కాడ ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలె. బిల్లులు లేకుంటే విలువ కట్టిన కాగితం కావాలె. దానికి అర్ధగంట పైన పడ్తది, ఆ టైమ్ లౌంజ్ టైమ్‌లకెళ్లే పోతది. పుస్తెల తాడు, రెండు గాజులతోని పోతే ఈ తిప్పలే ఉండది.

నయీంనగర్_వాసి

అందరికి దండాలు. ఇప్పుడే బుకింగ్ చూసిన, హైదరాబాద్ ఫ్లైట్ 777, డల్లాస్‌ది ఏ380. నాయిన పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు గడి ఖాళీనే ఉన్నది, టికెట్‌ల మాత్రం ఇంటిపేరు ఏసిన్రు. వీసాల ఎఫ్ఎన్‌యూ ఉన్నది. పొద్దుగాల ఫోన్ చేస్త.

ఓరుగల్లు_ఏవియేషన్

పొద్దున దాకా ఆగకండి, వాళ్ల కాల్ సెంటర్ రాత్రి కూడా ఉంటుంది. పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు దగ్గర పెట్టుకుని చేయండి. పేరు సరిచేశాక టికెట్ మళ్లీ ఇష్యూ చేస్తారు. అప్పుడు వీల్‌చైర్, డయాబెటిక్ భోజనం, సీట్లు ఎగిరిపోయే అవకాశం ఉంది, ఫోన్ పెట్టేముందే ఆ మూడూ చదివి వినిపించమనండి.