కొలంబో ఆశ్రమంలోని పాపను విశాఖకు దత్తత తెచ్చుకోవచ్చా?

ప్రశ్న (సీతమ్మధార నుంచి)

అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి 14 ఏళ్లయింది, పిల్లలు లేరు. నాకు 41 ఏళ్లు, మావారికి 43. ఆయన మర్చంట్ నేవీలో ఇంజినీరు. నిరుడు వారి ఓడ మరమ్మతుల కోసం కొలంబోలో నెలన్నర ఆగినప్పుడు, తోటి ఉద్యోగి ఒకరు తన కొడుకు పుట్టినరోజని పిల్లలకు భోజనాలు పెట్టించడానికి అక్కడి అనాథాశ్రమానికి వెళ్తూ ఈయనను కూడా తీసుకువెళ్లారు. సుమారు నాలుగేళ్ల పాప ఒకతె అన్నం తింటున్నంతసేపూ ఎడమ చేత్తో ఈయన చొక్కా అంచు పట్టుకుని వదలలేదట. ఆ తర్వాత ఈయన మరో నాలుగుసార్లు వెళ్లి వచ్చారు. తగినంత విరాళం ఇస్తే కాగితాలు తామే సిద్ధం చేస్తామనీ, పాపను టూరిస్టు వీసా మీద తీసుకువెళ్లి మీ ఊళ్లోనే దత్తత రిజిస్టరు చేయించుకోవచ్చనీ ఆశ్రమం నడిపే పెద్దమనిషి చెప్పారట. మా అత్తగారేమో మంచి రోజు చూసి దత్త హోమం చేయిస్తే చాలంటున్నారు. ఇలా చేయవచ్చా? చేయకూడదంటే సరైన దారి ఏది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఉక్కునగరం నుంచి)

అమ్మా, నేను బాలల సంరక్షణ విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఆ పెద్దమనిషి చెప్పిన దారిలో మాత్రం అడుగు పెట్టకండి. టూరిస్టు వీసా మీద వచ్చిన బిడ్డ గడువు తీరిన మర్నాటి నుంచి ఈ దేశంలో అనుమతి లేకుండా ఉంటున్న విదేశీయురాలవుతుంది, అప్పుడు మీ మీద పిల్లల అక్రమ రవాణా కేసు పడినా ఆశ్చర్యం లేదు. హోమం మీ తృప్తి కోసం చేసుకోవచ్చు గాని, ఇక్కడ అది అక్కరకు రాదు.

భారత పౌరులు పరాయి దేశపు బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఆ తంతు ముందు ఆ దేశంలో, ఆ దేశ చట్టం ప్రకారం పూర్తి కావాలి. భారత్, శ్రీలంక రెండూ 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్న దేశాలే కాబట్టి మాటలు ప్రభుత్వ సంస్థల మధ్యే జరగాలి. మన వైపు కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ), వారి వైపు ప్రొబేషన్, బాలల సంరక్షణ సేవల శాఖ ఆ పని చూస్తాయి. మీ ఇంటి పరిస్థితులపై హోమ్ స్టడీ నివేదిక, బిడ్డ వివరాల నివేదిక, వైద్య నివేదిక చూశాకే ఒప్పందంలోని 5, 17 అధికరణాల ప్రకారం కారా ఆమోదం ఇస్తుంది. ఆపైన అక్కడి మన హైకమిషన్ కాగితాలన్నీ సరిచూసి బిడ్డ పాస్‌పోర్టు మీద ఎంట్రీ వీసా ఇవ్వాలి, ఆ హైకమిషన్ ద్వారానే కేంద్ర హోం శాఖ విదేశీయుల విభాగం అనుమతి కూడా రావాలి. ఇంతా అయ్యాక కూడా దత్తత వల్లనే బిడ్డకు భారత పౌరసత్వం రాదు, దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంకొక చిక్కుంది. బిడ్డ నిజంగా దత్తతకు తగినదని, సొంత దేశంలో ఆమెకు ఇల్లు దొరకదని అక్కడి ప్రభుత్వం తేల్చేవరకు, దత్తత కోరేవారికీ బిడ్డను పెంచుతున్నవారికీ మధ్య సంప్రదింపులే ఉండకూడదని ఆ ఒప్పందంలోని 29వ అధికరణం చెబుతోంది. మీవారు మంచి మనసుతోనే వెళ్లి ఉండవచ్చు గాని, విరాళం మాట వచ్చిన చోట ఆగిపోవడం మంచిది. 1980లలో శ్రీలంక నుంచి వేలమంది పసిపిల్లలు ఐరోపాకు వెళ్లారు. పెద్దయ్యాక తల్లిని వెతుక్కుంటూ తిరిగివచ్చిన వారిలో కొందరికి తమ జనన పత్రమే దొంగదని తెలిసింది. శ్రీలంకతో సహా అయిదు దేశాల నుంచి జరిగిన దత్తతలపై విచారణ నివేదిక వచ్చాక నెదర్లాండ్స్ 2021లో విదేశీ దత్తతలనే నిలిపివేసింది. మనమేమీ తక్కువ తినలేదు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి రాష్ట్రంలో లంబాడీ తండాల నుంచి ఆడపిల్లలను కొని దత్తతల పేరుతో అమ్మిన సంగతి నా వయసువారికి గుర్తుండే ఉంటుంది.

సమాధానం (గాజువాక నుంచి)

అక్కా, మేము కారా ద్వారానే పాపను తెచ్చుకున్నాము. మూడేళ్లకు పైగా వేచి చూశాము. హోమ్ స్టడీకి వచ్చినావిడ మా అత్తగారిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు, ఏం అడిగారో ఆవిడ ఇప్పటికీ చెప్పరు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు కాబట్టి చివరి అంకం కొంత తేలికయింది. శిశు గృహ నుంచి వచ్చిన మా పాప మొదటి నెలంతా నన్ను "ఆయమ్మా" అనే పిలిచింది. మా వీధిలో ఆడవాళ్లందరూ దానికి ఆయమ్మలే.

మీరు ఒక లెక్క చూసుకోవాలి. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు, నాలుగేళ్ల లోపు బిడ్డకు 90, ఎనిమిదేళ్ల లోపు బిడ్డకు 100 వరకు పరవాలేదు. పత్రాలన్నీ ఎక్కించి నమోదు పూర్తయిన నాటి వయసునే లెక్కలోకి తీసుకుంటారు.

సమాధానం (పెదజాలారిపేట నుంచి)

మేడమ్ గారూ, నేను ఆరో ఏట నుంచి పదో తరగతి వరకు ఒక ఆశ్రమంలో పెరిగాను. రిజిస్టరులో నా పేరు పక్కన అనాథ అని రాసి ఉండేది. మా అమ్మ అప్పటికీ ఇప్పటికీ ఉంది. నాన్న పోయాక ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు వలిచే పనికి తెల్లవారకముందే వెళ్లేది, ఇంట్లో నన్ను చూసేవారు లేక అక్కడ చేర్చింది. రెండో ఆదివారం మరమరాల ఉండలు పట్టుకుని వచ్చేది. ఎంత తోమి కడుక్కున్నా ఆమె వేళ్ల సందుల్లో రొయ్యల వాసన పోయేది కాదు, ఉండలకూ అదే వాసన పట్టేది. దాతలు వచ్చే రోజున మాత్రం అమ్మ ఊసెత్తవద్దని మాకు ముందే చెప్పేవారు.

మీవారి చొక్కా పట్టుకున్న పాప గురించి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మేమూ వచ్చినవారి చొక్కాలు పట్టుకునేవాళ్లం. ఒక ఆదివారం ఒకరిది, మరో ఆదివారం ఇంకొకరిది. ఆ క్షణాన అది అబద్ధమని నేననను. కానీ ఆ పాపకు తల్లి ఉందా, ఉంటే ఎందుకు వదిలింది, నెలకు ఎంత దొరికితే ఇంటికి తీసుకుపోగలదు అనే ప్రశ్నలు ముందు అడిగించండి.

ప్రశ్న అడిగిన వారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను, చాలాసేపు ఫోనులో ఏమీ మాట్లాడలేదు. పాప తల్లి గురించి అడుగుతూ ఆయన ఆశ్రమానికి రాశారు. వచ్చిన జవాబులో విరాళం ఏ ఖాతాకు పంపాలో ఉంది గాని, తల్లి మాట లేదు. మేము దాని జోలికి వెళ్లడం లేదు.

కారాలో నమోదుకు పాన్ కార్డులు, వివాహ ధ్రువపత్రం స్కాన్ చేసి పెట్టాను. ఆయన వైద్య ధ్రువపత్రం మాత్రం ఓడ దిగాకే, అంటే మార్చిలో. ఏప్రిల్‌లో నాకు 42, మేలో ఆయనకు 44 నిండుతాయి. గాజువాక చెల్లీ, మార్చి నెలాఖరులోగా నమోదు పూర్తి చేయడం సాధ్యమేనా?