తెరచాప పడవ, పడకల వ్యాను: సోమశిలకు వెళ్లాలా, వైజాగ్ కాలనీకి వెళ్లాలా?

మాది మహబూబ్‌నగర్. పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీయించి రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. పైకప్పు మీద 'లేజర్' అనే రకం చిన్న తెరచాప పడవ కడతాం. పొడవు 4.2 మీటర్లు, ఉత్త పడవ బరువు 59 కిలోలు. తెరచాప కట్టే నిలువు కొయ్య రెండు ముక్కలుగా విడిపోతుంది. దించడానికి నేనూ తమ్ముడూ చాలు. ఇంతవరకూ హుస్సేన్‌సాగర్‌లోనే నడిపాం, సంక్రాంతికి కృష్ణలోకి దిగాలని కోరిక.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఒకటి, దేవరకొండ వైపు వైజాగ్ కాలనీ మరొకటి. మొదటిది శ్రీశైలం ఆనకట్ట వెనుక జలాలు, రెండోది నాగార్జునసాగర్‌వి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. పండుగ నాటికి నీరు ఎంత దిగుతుందన్నదే నా బెంగ. ఫొటోల్లో అందరూ నీలం నీళ్లే చూపిస్తారు, ఒడ్డు ఎలా ఉందో ఒక్కరూ చూపించరు! మోకాలి లోతు బురదలో పడవ మోయాల్సి వస్తే మోస్తాం. కానీ మా పడవ అడుగున నిలువుగా దిగే పలక ఉంటుంది. నీటి కింద రాయికో, చెట్టు మోడుకో అది తగిలితే పలక విరుగుతుంది, లేదంటే పడవ బోల్తా పడుతుంది. అలాంటివి ఎక్కువగా ఎటువైపు ఉన్నాయి?

వ్యాను నీటికి ఎంత దగ్గరగా వెళ్తుంది, నేల గట్టిదేనా? సోమశిలలో కాటేజీలున్నాయి, మేం మాత్రం వ్యానులోనే పడుకోవాలి. అనుమతి అటవీశాఖను అడగాలా, నీటిపారుదల శాఖనా? కొండల మధ్య గాలి ఏ వేళ నిలకడగా ఉంటుంది? జాలరుల వలలు ఎక్కడెక్కడ వేస్తారో కూడా చెప్పండి, వాళ్ల కష్టం మా పలకకు చిక్కి చిరగకూడదు. మొసళ్ల సంగతి అమ్మ అడగమంది.