మొదటికి రావడం, మొదటికే మోసం రావడం: ఈ రెండూ ఒకటేనా?

కంప్యూటరు ఆన్ అయి, సగందాకా వచ్చి, దానంతటదే ఆరి మళ్ళీ ఆన్ అవుతూ ఉండిపోయే జబ్బుని తెలుగులో ఏమనాలని మొన్న మన తెలుగు మాటల గుంపులో ఒకరు అడిగారు. ‘పునఃప్రారంభ చక్రం’, ‘పునరారంభ వలయం’, ‘ఆవృత ప్రారంభం’ అని చాలా మాటలు వచ్చాయి. నేనప్పుడు ఏమీ రాయలేదు. పోయిన వారం మా పిన్ని ఫోన్ చేశాక రాయాలనిపించింది.

పిన్ని పాలకొల్లులో ఇంట్లోనే శుభలేఖలు కంపోజ్ చేస్తుంది. పేజ్‌మేకరు ప్రోగ్రాము, తెలుగు అక్షరాలకి అనూ ఫాంట్లు, ఎనిమిదేళ్ళనాటి కంప్యూటరు. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, రెండు పెళ్ళిళ్ళ కార్డులు మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాలి. పొద్దున్నే ఫోను. “నాన్నా, సిస్టం లేవట్లేదురా. లేచినట్టే లేచి మొదటికొచ్చేస్తంది.”

నేనున్నది హైదరాబాదులో. ఇలాంటప్పుడు ఫోన్‌లో అవతలివాళ్ళు వాడే క్రియ తప్ప మన చేతిలో ఇంకేం ఉండదు. అందుకే అడిగాను: “పిన్నీ, ఆరిపోతోందా, ఆగిపోతోందా?”

“ఆరిపోవట్లేదు, ఆగిపోవట్లేదు. మొదటికొస్తందని చెప్తన్నా కదా.”

ఆ ఒక్క వాక్యంతో సగం పని తేలికైంది. ఎందుకో చెప్తాను.

దీపం ఆరిపోయినట్టు కంప్యూటరు లైట్లూ లోపలి ఫ్యానూ అన్నీ ఒక్కసారిగా చచ్చిపోతే మనం ‘ఆరిపోయింది’ అంటాం. అప్పుడు ముందు అనుమానించాల్సింది కరెంటు దారిని: ప్లగ్గు వదులుగా ఉందా, యూపీఎస్ బ్యాటరీ అయిపోయిందా, లోపలి పవర్ సప్లయ్ పాడైందా అని. దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కినా అలాగే ఆరిపోతుంది. తెర మీద బొమ్మ ఉండి, మౌస్ కదలక, ఏం నొక్కినా పలక్కపోతే ‘ఆగిపోయింది’. వాడుకలో ‘హ్యాంగ్ అయింది’, ‘స్ట్రక్ అయింది’ అనేది దీన్నే. కరెంటు పూర్తిగా పోకుండా, లోపల పని జరుగుతూ జరుగుతూ ఒకచోట దెబ్బతిని మళ్ళీ తొలి అడుగు నుంచి నడక మొదలెడితే అది ‘మొదటికొచ్చింది’. మూడు జబ్బులకీ మందు వేరు. మన ఇళ్ళలో కంప్యూటరు పాఠాలు చదవని వాళ్ళు కూడా ఈ మూడింటినీ కలిపేయరు, వింటే తెలుస్తుంది.

తర్వాత తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కొస్తోంది? “మొట్టమొదట ఏం కనపడింది పిన్నీ?” అని మొదలెట్టాను. పిన్ని ఫోను స్పీకర్‌లో పెట్టి చూసింది చూసినట్టు చెప్పింది. “ఫ్యాను గుయ్యిమంటంది. కంపెనీ పేరొచ్చింది. పోయింది. నాలుగు నీలం గళ్ళు వచ్చినయ్. కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నయ్... తిరుగుతున్నయ్... అదిగో, ఏదో నీలంగా రెప్పపాటు కనపడి పోయింది. మళ్ళీ ఫ్యాను.”

ఆ రెప్పపాటు నీలం తెరే అసలు సాక్షి. విండోస్ దెబ్బతిన్నప్పుడు కారణం చెప్పే తెర అది. కానీ దెబ్బతిన్న వెంటనే తనంతట తనే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు విండోస్‌లో ముందునుంచే ఉంటుంది. దానివల్ల ఆ కారణం చదివేలోపే మాయమవుతుంది. కాబట్టి ముందు ఆ తొందరని ఆపాలి. రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ తనే మరమ్మతు తెరకి వస్తుంది. రాకపోతే విండోస్ గుర్తయిన ఆ నీలం గళ్ళు కనపడగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపాలి, అలా రెండు మూడుసార్లు చేస్తే వస్తుంది. పిన్నికి వచ్చింది. అక్కడ ‘ట్రబుల్‌షూట్’, తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, తర్వాత ‘స్టార్టప్ సెట్టింగ్స్’, ‘రీస్టార్ట్’. ఆపైన వచ్చే పట్టీలో తొమ్మిదో అంకె నొక్కితే తనంతట తను రీస్టార్ట్ అవడం ఆగుతుంది. నొక్కింది. నీలం తెర ఈసారి నిలబడింది. పిన్ని దాన్ని ఫోటో తీసి పంపింది. మళ్ళీ అదే దారిలో వెళ్ళి నాలుగు నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి మాత్రమే ఎక్కించుకుని లేచే తీరు. అందులో కంప్యూటరు శుభ్రంగా లేచింది. అంటే తీగలూ చిప్పులూ బాగానే ఉండి ఉండాలి, పైన ఎక్కిన సాఫ్ట్‌వేర్‌లోనే తేడా. ముందురోజు రాత్రి తెర మీది బొమ్మని నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ దానంతటదే కొత్తది ఎక్కింది. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్‌ని పాతదానికి వెనక్కి తిప్పాం. అరగంటలో కార్డు తెర మీద ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మధ్యలో ఒక నిమిషం నాకు గుండె ఆగినంత పనైంది. ‘ట్రబుల్‌షూట్’ నొక్కగానే పైన కనపడేది ‘రీసెట్ దిస్ పీసీ’. పిన్ని దాన్ని చదివి, “ఇదేనా నాన్నా, మొదటికి తెచ్చేది?” అని వేలు పెట్టబోయింది. “వద్దు పిన్నీ, అది మొదటికే మోసం!” అని అరిచాను. ఆవిడ టక్కున చెయ్యి తీసేసింది. ఆ మాట ఆవిడకి అంత వెంటనే ఎక్కింది. రీసెట్‌లో మన ఫైళ్ళు ఉంచుకునే వీలుంది, అన్నీ తుడిచేసే వీలూ ఉంది. ఏది ఎంచుకున్నా మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. పేజ్‌మేకరు పోతే ఆ రోజు కార్డులుండవు. రెండోది పొరపాటున నొక్కితే ఎనిమిదేళ్ళ పనీ పోయేది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే, నేను అరిచిన మాటలోని ‘మొదలు’, పిన్ని అన్న మాటలోని ‘మొదలు’ ఒకటి కాదనిపించింది. పిన్ని అన్నది ఆరంభం. నేనన్నది అసలు, అంటే వ్యాపారంలో పెట్టిన సొమ్ము. వడ్డీ రాకపోతే నష్టం, మొదలే పోతే మోసం. ‘మొదటికే మోసం వచ్చింది’లో ఉన్నది ఈ రెండో మొదలు. చెట్టు మొదలు అన్నప్పుడు ఇంకో అర్థం, నేలలోంచి లేచే చోటు. ‘మొదలంటా నరికేశారు’ అంటాం. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది, దేని మీద మిగతాదంతా నిలబడుతుందో అది అనే భావం. ఈమధ్య పత్రికల్లో, టీవీల్లో ‘చర్చలు మళ్ళీ మొదటికే మోసం’ లాంటి వాక్యాలు కనపడుతున్నాయి. చర్చలు మొదటికొచ్చాయని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. మొదటికొస్తే మళ్ళీ నడవొచ్చు. మొదటికే మోసమొస్తే నడవడానికి నేలే ఉండదు. ఈ తేడాని పోగొట్టుకోకూడదని నా కోరిక.

*

పైది గుంపులో పెట్టాక దాని కింద వచ్చిన ప్రశ్నలకు ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

“మొదలు+కి మొదలుకి కావాలి కదా, మొదటికి ఎందుకయింది?” అని అడిగారు. పగలు పగటికి, నోరు నోటికి, ఏరు ఏటికి అయినట్టే. విభక్తి చేరేముందు చివరి అక్షరం స్థానంలో ‘టి’ వచ్చే మాటలివి. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. కుందేలు కుందేటి అయ్యేదీ ఈ దారిలోనే.

‘పునర్‌ప్రారంభం’ రాయొచ్చా అన్నారు ఇంకొకరు. కుదరదు. పునః తర్వాత అచ్చు వస్తే విసర్గ రేఫ (ర) అవుతుంది: పునః+ఆరంభం పునరారంభం, పునః+ఆవృత్తి పునరావృత్తి. తర్వాత ‘ప’ వస్తే విసర్గ విసర్గగానే ఉంటుంది: పునఃప్రారంభం. బటన్ మీద అచ్చేయడానికి ఈ మాట బాగుంది, నాకు దానిమీద ఏ అభ్యంతరమూ లేదు. కానీ ‘మా కంప్యూటరు పునఃప్రారంభ చక్రంలో చిక్కుకుంది’ అని పిన్ని నాకు ఫోన్ చేయదు. నామవాచకం కోసం వెతుకుతూ చేతిలో ఉన్న క్రియని వదిలేస్తున్నామని నా బాధ.

కరీంనగర్ సభ్యులొకరు రాసింది నాకు బాగా నచ్చింది. వాళ్ళింట్లో అయితే “బందయి మర్ల షురూ అయితాంది” అంటారట. ఆ ‘మర్ల’ని గమనించండి. మరలు అంటే వెనక్కి తిరగడం. మరలి అన్నది నలిగి నలిగి మళ్ళీ అయింది. కోస్తాలో మేం ళ-వత్తు కింద దాచేసిన ‘ర’ ఆ ‘మర్ల’లో ఇంకా వినపడుతోంది. దారి మళ్ళింది, పొద్దు మళ్ళింది, వయసు మళ్ళింది, నీళ్ళు మళ్ళించారు అన్నప్పుడు ఆ తిరగడమనే అర్థం మనకి తెలుస్తూనే ఉంటుంది. ‘మళ్ళీ’ అన్నప్పుడు మాత్రం మర్చిపోతాం. ‘తిరిగి’ కూడా అంతే, తిరుగు నుంచి వచ్చింది. ‘మరల’ సరేసరి. అంటే తెలుగులో ‘ఇంకోసారి’ని చెప్పే ఈ మూడు మాటల్లోనూ వెనక్కి తిరగడం ఉంది. ‘లూప్’ అనే భావానికి విడిగా మాట కావాలంటున్నాం కానీ, “మళ్ళీ మళ్ళీ మొదటికొస్తోంది” అన్నప్పుడు ఆ గుండ్రటి తిరుగుడు రెండుసార్లు చెప్పేశాం.

‘తిరిగి తిరిగి మొదలవుతోంది’ అనొచ్చా అంటే, నేననను. ‘తిరిగి తిరిగి’ ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగడానికి అంటుకుపోయింది. తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయి అంటాం కదా.

ఒక మాస్టారు అడిగిన ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను. “మొదలు మొదలు కలిస్తే మొట్టమొదలు అవుతుంది కదా, మరి మాటిమాటికీ మొదలవుతున్న కంప్యూటర్‌ని మొట్టమొదలు అనాలా?” అని. కడ కడ కట్టకడ, నడుమ నడుమ నట్టనడుమ, పగలు పగలు పట్టపగలు, బయలు బయలు బట్టబయలు. బడిలో ద్విరుక్తటకారాదేశ సంధి అని చదువుకున్నదే. తొలి మాటలో మొదటి అచ్చు తర్వాత ఉన్నదంతా పోయి ‘ట్ట’ వచ్చి కూర్చుంటుంది. కానీ అర్థం దగ్గర చూడండి. పట్టపగలు అంటే రెండు పగళ్ళు కాదు, కళ్ళు మిరుమిట్లు గొలిపే పగలు. నట్టనడుమ అంటే సరిగ్గా నడిమధ్య. ‘మళ్ళీ మళ్ళీ’లో రెట్టింపు సార్ల లెక్కని పెంచుతుంది. ‘మొట్టమొదలు’లో రెట్టింపు సూది మొనలా ఒకే చోటకి తెస్తుంది. ఒకే పని, రెండు ఫలితాలు.

అందుకని కంప్యూటరు జబ్బుకి మొట్టమొదలు పేరు కాదు. కానీ వైద్యం చేసేవాడి ప్రశ్నలో ఆ మాట ఉండాలి. “మొట్టమొదట ఏం కనపడింది పిన్నీ?” అని అడిగినప్పుడే కదా ఆవిడ ఫ్యాను దగ్గర్నుంచి వరసగా చెప్పింది. “మొదట ఏమైంది?” అని అడిగుంటే, నిన్న రాత్రి ఏ ఫైలు చేసిందో అక్కణ్ణుంచి మొదలెట్టేది.

చివరిగా, అనంతపురం నుంచి ఒకరు తమ కంప్యూటరు గురించే రాశారు: “మాది కంపెనీ పేరు కూడా రాకుండానే మళ్ళా మొదటికే వస్తాంది. మీరు చెప్పిన తెర రాదు.” అది రాదండీ. విండోస్ ఇంకా లేవనే లేదు కాబట్టి ఈ జబ్బు కింది అంతస్తులో ఉంది. ముందుగా, డబ్బా మీది పవర్ బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉందేమో చూడండి. నొక్కుకుపోయి ఉంటే అదే కంప్యూటరుని ఆపి మళ్ళీ లేపుతూ ఉండొచ్చు. తర్వాత ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, పక్క రేకు విప్పండి. అక్కడి ఇనప రేకుని చేత్తో తాకి, అప్పుడు ర్యామ్ (మెమరీ) పలకలు తీసి, మెత్తటి పొడిగుడ్డతో అంచు తుడిచి, రెండు వైపులా టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కి పెట్టండి. రెండు పలకలుంటే ఒక్కోటే పెట్టి చూడండి. ప్రాసెసర్ ఫ్యాను తిరుగుతోందా, కింద దుమ్ము గడ్డకట్టిందా చూడండి. పవర్ సప్లయ్ డబ్బాని మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవుంటుంది. ఇవన్నీ అయినా అలాగే ఉంటే వేరే పవర్ సప్లయ్ పెట్టి చూడమని మెకానిక్‌ని అడగండి. చేశాక ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చిందో ఇక్కడే రాయండి. మీ ఇంట్లో వాళ్ళు దాన్ని ఏ మాటతో చెప్పారో అది కూడా రాయండి.